కంప్యూటర్ క్యాబినెట్ లోపల బాగుందో లేదో కొనేముందే తెలుసుకోవడం ఎలా?

కేబుల్_కష్టాలు
మూడు వారాల క్రితం విశాఖ డాబాగార్డెన్స్‌లో ఒక కొట్లో క్యాబినెట్ కొన్నాను. 4,300. ముందు నల్ల అద్దం, మూడు రంగుల ఫ్యాన్లు, పక్కన గ్లాసు. కొట్లో స్విచ్ వేసి చూపిస్తే పెళ్ళి పందిరిలా వెలిగిపోయింది. ఇంటికి తెచ్చి విప్పాక తెలిసింది అసలు సంగతి.

మదర్‌బోర్డు వెనక తీగలకు ఇచ్చిన సందు ఎంత ఉందంటే, బోర్డుకి కరెంటిచ్చే 24 పిన్ తీగ పెట్టి అవతలి రేకు మూయబోతే పొంగిన పూరీలా ఉబ్బింది. మా తమ్ముడు మోకాలితో నొక్కిపట్టుకుంటే నేను స్క్రూలు బిగించాను. ప్రాసెసర్‌కి వెళ్ళే 8 పిన్ తీగ పైమూల కన్నంలోంచి రావాలి కదా, బోర్డు బిగించేశాక చూస్తే ఆ కన్నంలో ప్లగ్గు దూరదు. బోర్డంతా మళ్ళీ ఊడదీశాను. హార్డ్ డిస్కు గూడు సరిగ్గా ఎస్ఎంపీఎస్ (కరెంటు సరఫరా పెట్టె) తీగలు వచ్చే చోట అడ్డంగా ఉంది. అది రివెట్లతో బిగించింది, తీయడానికి లేదు.

ఇంకో బాధ. మాది లాసన్స్ బే కాలనీ. డాబా ఎక్కితే సముద్రం కనిపిస్తుంది. పాత క్యాబినెట్ నాలుగేళ్ళకే వెనక కార్డులు బిగించే స్లాట్ల దగ్గర తుప్పు పట్టి, స్క్రూ తిప్పితే ఎర్రపొడి రాలేది.

దీన్ని తమ్ముడికి అంటగట్టి ఇంకోటి కొందామనుకుంటున్నాను. వీడియోలు ఎవరివి చూసినా బయటి దీపాలే చూపిస్తున్నారు. లోపల ఏం చూడాలి? కొట్లో నిలబడి ఐదు నిమిషాల్లో తేల్చుకోవాలి. నాది మైక్రో ఏటీఎక్స్ (చిన్న సైజు) బోర్డు, 28 సెం.మీ. గ్రాఫిక్స్ కార్డు, ప్రాసెసర్ మీద మామూలు టవర్ కూలర్. 7,000 దాకా పెడతాను.

పునుగుల_బండి
పొంగిన పూరీ అన్నారు. రాత్రి పదకొండు దాటింది. ఇది అన్యాయం.

స్క్రూడ్రైవర్_శాస్త్రి
కొట్టువాడు ఎప్పుడూ గ్లాసు వైపే తిప్పి చూపిస్తాడు. పెళ్ళిచూపుల్లో హాలు మాత్రమే చూపించినట్టు. మీరు "వంటిల్లు చూపించండి" అనాలి. అంటే అవతలి రేకు తీయించాలి. నేను పదిహేనేళ్ళుగా ఇవి బిగిస్తున్నాను, ఏ క్యాబినెట్‌నైనా ముందు వెనక వైపు నుంచే చూస్తాను.

రేకు తీశాక బోర్డు బిగించే పలకకూ, రేకు వచ్చి కూర్చునే అంచుకూ మధ్య ఎంత లోతుందో చూడండి. టేపు లేకపోతే జేబులో పది రూపాయల బిళ్ళ తీసి ఆ పలక మీద నిలబెట్టండి. బిళ్ళ అడ్డకొలత 27 మి.మీ. అది అంచు దాటకుండా నిలబడితే హాయిగా తీసుకోవచ్చు. కొంచెం పైకి తేలితే సర్దుకోవచ్చు. సగం బయటికి వచ్చిందంటే ఆ క్యాబినెట్ మీది ఇప్పటిదానికి అన్నదమ్ముడే.

తర్వాత కన్నాలు. 24 పిన్ తీగ బోర్డు కుడి అంచు పక్కనుంచి రావాలి. 8 పిన్ కన్నం పైన ఎడమ మూలలో, బోర్డు బిగించాక కూడా ప్లగ్గు దూరేంత ఉండాలి. మీ ఎస్ఎంపీఎస్ తీగ ఒక చివర చేత్తో పట్టుకుని వెళ్ళినా తప్పులేదు, దూర్చి చూడొచ్చు. ప్రాసెసర్ వెనక పలకలో పెద్ద కిటికీ కోసి ఉండాలి. లేకపోతే కూలర్ మార్చిన ప్రతిసారీ బోర్డు ఊడదీయాల్సిందే.

తీగలు కట్టడానికి పలక మీద చిన్న చిన్న కొక్కేలు ఉన్నాయా, ఎన్ని ఉన్నాయి? పది పైన ఉంటే ఆ క్యాబినెట్ గీసినవాడు జీవితంలో ఒకసారైనా కంప్యూటర్ బిగించాడని అర్థం.

మద్దిలపాలెం_మామ
పది రూపాయల బిళ్ళ ఐడియా అద్భుతం శాస్త్రి గారూ. మా వీధిలో ఆ బిళ్ళ ఏ కొట్టువాడూ తీసుకోడు. డబ్బాలో నలభై ఉన్నాయి. ఇన్నాళ్ళకి పనికొచ్చింది.

గాజువాక_గేమర్
ఇంత చాదస్తం అవసరమా? తీగలు వెనక ఎలా ఉంటే ఎవడు చూస్తాడు. గాలి ఆడితే చాలు. నాది 3,000 క్యాబినెట్, ముందు జాలీ, మూడు ఫ్యాన్లు, రెండేళ్ళుగా ఏ ఇబ్బందీ లేదు. వెనక నూడుల్స్ గిన్నెలా ఉంటుంది, మూసేస్తే ఎవరికి తెలుసు?

సీతమ్మధార_ఎడిటర్
@గాజువాక_గేమర్ మీరు చెప్పింది సగం నిజం. వెనక ఎలా ఉన్నా గాలికి పెద్ద తేడా రాదు. కానీ వెనక చోటు చాలకపోతే ఆ తీగలన్నీ ఎక్కడికి వస్తాయి? ముందుకి. ముందు ఫ్యాన్ల నోటికి అడ్డం. నేను వీడియో ఎడిటింగ్ చేస్తాను, రెండర్ పెడితే మూడు నాలుగు గంటలు మిషన్ మొత్తం బరువు మోస్తుంది. పాత క్యాబినెట్‌లో వాడని తీగలన్నీ హార్డ్ డిస్కు గూట్లో కుక్కేశాను, ఆ గూడు ముందు ఫ్యాన్ వెనకే. వాటిని తీసి పక్కన పెడితేనే గ్రాఫిక్స్ కార్డు 7 డిగ్రీలు తగ్గింది. కొత్త ఫ్యాన్ ఏదీ కొనలేదు.

గాజువాక_గేమర్
7 డిగ్రీలా? ఏసీ వేసి కొలిచారా వేయకుండానా?

సీతమ్మధార_ఎడిటర్
రెండుసార్లూ మేనెల, రెండుసార్లూ ఏసీ లేదు. నేనూ లేను ఆ గదిలో, తట్టుకోలేక హాల్లోకి పారిపోయాను.

పాత_పెంటియం
మీరంతా అదృష్టవంతులు. 2003లో నేను బిగించిన క్యాబినెట్లలో ఎస్ఎంపీఎస్ పైన ఉండేది, తీగలన్నీ ప్రాసెసర్ మీద జడల్లా వేలాడేవి. వెనక సందు అన్న మాటే లేదు. రేకు అంచులు మడిచేవాళ్ళు కాదు, కోసి వదిలేసేవాళ్ళు. ఒక్కో మిషన్‌కి ఒక్కో రక్తదానం.

అందుకే నేను ఇప్పటికీ కొట్లో మొదట చేసే పని అంచుల మీద వేలు జార్చడం. హార్డ్ డిస్కు గూట్లో, వెనక స్లాట్ల దగ్గర, ఎస్ఎంపీఎస్ గది కన్నం చుట్టూ. అంచు మడిచి ఉంటే వేలికి గుండ్రంగా తగులుతుంది. గీసుకుంటే అక్కడ కోసిన మొన మిగిల్చారని అర్థం. చేతికి తగిలే చోట మొన మిగిల్చినవాడు చేతికి తగలని చోట ఇంకేం మిగిల్చాడో.

ఉక్కునగరం_ఉద్యోగి
రేకు మందం ఎవరూ చెప్పలేదు. చవక వాటిలో 0.5 మి.మీ. చుట్టూ ఉంటుంది, కొంచెం మంచివాటిలో 0.7, 0.8. కొట్లో మైక్రోమీటర్ పట్టుకెళ్ళక్కర్లేదు. రెండు పక్కల పలకలూ తీసేసి, పైన ఎదురు మూలలు రెండు పట్టుకుని మెల్లగా మెలిపెట్టండి. చాపలా వంగితే వద్దు. బోర్డు బిగించే పలక మధ్యలో బొటనవేలితో నొక్కండి, టిన్ను డబ్బాలా టక్కుమంటే అదీ వద్దు. ఆ పలక మీదే కిలో బరువు కూలర్, కిలోన్నర గ్రాఫిక్స్ కార్డు వేలాడాలి.

మద్దిలపాలెం_మామ
@ఉక్కునగరం_ఉద్యోగి మన స్టీల్ ప్లాంటు రేకుతో ఒక క్యాబినెట్ చేసి పెట్టకూడదా? లోకల్ బ్రాండ్.

ఉక్కునగరం_ఉద్యోగి
మామా, మన దగ్గర రేకు రాదు. రాడ్లు, వైర్ రాడ్లు, స్ట్రక్చరల్స్. పొడుగు సరుకే. ఇంటి స్లాబుకైతే చెప్పండి.

పునుగుల_బండి
16 ఎంఎం రాడ్డుతో ఓపెన్ ఫ్రేమ్ క్యాబినెట్. హుద్‌హుద్ వచ్చినా కదలదు.

కేబుల్_కష్టాలు
హుద్‌హుద్ అంటే గుర్తొచ్చింది, తుప్పు గురించి ఎవరూ మాట్లాడలేదు. ముందు జాలీ ఉన్నది తీసుకుంటే ఉప్పుగాలి ఎక్కువ లోపలికి వెళ్తుందా? అద్దం ఉన్నదే నయమా?

బీచ్‌రోడ్డు_బాతు
అద్దమే నయం. మాది పాండురంగపురం, కిటికీ ఊచలే ఏటా గీకి రంగు వేయిస్తాం. జాలీ పెట్టుకుంటే సముద్రాన్ని ఇంట్లోకి పిలిచినట్టే.

సీతమ్మధార_ఎడిటర్
ఒప్పుకోను. ముందు అద్దం ఉన్నా ఫ్యాన్ తిరిగితే గాలి రావాల్సిందే కదా. పక్క సందుల్లోంచి, వెనక స్లాట్ కన్నాల్లోంచి వస్తుంది. అదే ఉప్పుగాలి, వడపోత లేకుండా. జాలీ వెనక ఫిల్టర్ ఉంటే కనీసం దుమ్మైనా అక్కడ ఆగుతుంది.

కెమిస్ట్రీ_మాస్టారు
ఇద్దరూ గాలి గురించే మాట్లాడుతున్నారు, అసలు విషయం తేమ. ఉప్పు పొడిగా ఉన్నంతకాలం పెద్ద హాని చేయదు. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు ఆ తేమను పీల్చుకుని తానే నీరుగారుతుంది. వానాకాలంలో ఉప్పు డబ్బా చూస్తారు కదా. రేకు మీద, బోర్డు మీద పేరుకున్న సన్నటి ఉప్పు పొర కూడా అంతే. తడి ఉప్పునీటి పొర అయిపోతుంది, తుప్పు అక్కడ మొదలవుతుంది. మన ఊళ్ళో ఆ 75 దాటని రోజులు తక్కువే.

ఇప్పుడు ఆలోచించండి. మిషన్ నడుస్తున్నప్పుడు లోపల బయటికన్నా వెచ్చగా ఉంటుంది. గాలి వేడెక్కితే అందులో తేమ శాతం పడిపోతుంది. అంటే నడిచే మిషన్ తనను తాను ఆరబెట్టుకుంటుంది. ఆపి మూల పెట్టిన మిషనే తుప్పు పడుతుంది. కేబుల్ గారూ, మీ పాతది మధ్యలో వాడకుండా ఉంచారా?

కేబుల్_కష్టాలు
మాస్టారూ, మీరు జ్యోతిష్యం కూడా చెప్తారా? ఏడాదిన్నర బెంగళూరులో ఉన్నాను, అది బాల్కనీ కిటికీ పక్కనే పడి ఉంది.

కెమిస్ట్రీ_మాస్టారు
అదే మరి.

బీచ్‌రోడ్డు_బాతు
లోపల సిలికా జెల్ ప్యాకెట్లు పడేస్తే సరిపోతుందిగా. నేను చెప్పుల డబ్బాల్లోవి దాచి నాలుగు పెట్టాను.

కెమిస్ట్రీ_మాస్టారు
మూత పెట్టిన డబ్బాలో పనిచేస్తుంది. ఫ్యాన్లు తిరిగే క్యాబినెట్‌లో నిమిషానికి ఎన్నోసార్లు గాలి మారిపోతుంది. మీ నాలుగు ప్యాకెట్లు బంగాళాఖాతాన్ని ఆరబెట్టాలి. ఊరెళ్ళేటప్పుడు మిషన్‌ని ప్లాస్టిక్ కవరులో గట్టిగా కట్టి లోపల ప్యాకెట్లు పెడితే, అప్పుడు సరే.

బీచ్‌రోడ్డు_బాతు
బంగాళాఖాతం మీద నాలుగు ప్యాకెట్లు. సరే, తీసేస్తున్నాను.

ఉక్కునగరం_ఉద్యోగి
తుప్పుకి రేకు వైపు నుంచి ఒక మాట. క్యాబినెట్ రేకుకి జింకు పూత ముందే ఉంటుంది, తర్వాత కోస్తారు, కన్నాలు కొడతారు. కోసిన అంచులో పూత ఉండదు, పచ్చి ఇనుము బయటపడుతుంది. అందుకే మీ పాతదానికి స్లాట్ల దగ్గరే మొదలైంది. లోపల కూడా పౌడర్ కోటింగ్ ఉన్నది చూడండి. బయట నల్లగా మెరిసి లోపల వెండిరంగు రేకు బోడిగా ఉంటే, సముద్రం పక్కవాళ్ళకి అది వద్దు. కన్నాల అంచుల్లోకి కూడా రంగు దిగిందా లేదా మొబైల్ టార్చి వేసి చూడండి.

వన్‌టౌన్_వాసి
మీకు ఉప్పు, మాకు బొగ్గు. పోర్టు వైపు ఇళ్ళలో ఫిల్టర్ రెండు వారాలకి నల్లగుడ్డ అయిపోతుంది. నేను చూసేది ఒక్కటే, ఫిల్టర్ ఎటునుంచి వస్తుంది. నా పాతదానికి ఎస్ఎంపీఎస్ కింది ఫిల్టర్ వెనక నుంచి లాగాలి. అంటే టేబుల్ కిందికి దూరి, తీగలన్నీ పీకి, క్యాబినెట్ బయటికి తీసి... ఏడాదిలో రెండుసార్లు కడిగుంటాను. ఇప్పుడున్నదానికి ముందు నుంచి సొరుగులా వస్తుంది. ఆదివారం ఆదివారం కుళాయి కింద పెట్టి ఆరేస్తున్నాను. ఫిల్టర్ ఉండటం కాదు, చెయ్యి చాపితే రావాలి.

గాజువాక_గేమర్
ఇది మాత్రం ఒప్పుకుంటాను. మాకూ దుమ్ము తక్కువేం కాదు. ముందు రెండు ఫ్యాన్లు లోపలికి, వెనక ఒకటి బయటికి పెట్టాను. లోపలికి వచ్చే గాలి ఎక్కువుంటే సందుల్లోంచి దుమ్ము పీల్చదు, బయటికే తోస్తుంది.

స్క్రూడ్రైవర్_శాస్త్రి
ఫిల్టర్ శుభ్రంగా ఉన్నంతకాలం. అది మూసుకుపోయిన రోజు ఆ లెక్క తిరగబడుతుంది. వన్‌టౌన్ గారు చెప్పింది అందుకే ముఖ్యం.

కేబుల్_కష్టాలు
ఇంకో అనుమానం. కొత్త క్యాబినెట్ వెనక స్క్రూ ముట్టుకుంటే సన్నగా జివ్వుమంటోంది. పాతదానికి ఇలా లేదు. క్యాబినెట్ లోపమేనా?

పాత_పెంటియం
కాళ్ళకి చెప్పులున్నాయా?

కేబుల్_కష్టాలు
లేవు. ఇంట్లో చెప్పులేంటండీ.

స్క్రూడ్రైవర్_శాస్త్రి
క్యాబినెట్ తప్పు కాదు, ప్లగ్గు పాయింట్‌లో ఎర్త్ లేదు. ఎస్ఎంపీఎస్ లోపల కరెంటు గోల వడకట్టడానికి రెండు చిన్న కెపాసిటర్లు ఉంటాయి. ఫేజు నుంచి ఒకటి, న్యూట్రల్ నుంచి ఒకటి, రెండూ ఎర్త్‌కి, అంటే క్యాబినెట్ ఒంటికి కలుస్తాయి. ఎర్త్ ఉంటే అది భూమిలోకి పోతుంది. లేకపోతే క్యాబినెట్ ఒళ్ళు 230లో సగం, 115 వోల్టుల దగ్గర తేలుతుంది. కరెంటు చాలా తక్కువ కాబట్టి జివ్వుమంటుంది, కొట్టదు. పాతది రంగు మీద రంగు ఉండి తగల్లేదేమో, లేదా అప్పుడు వేరే గదిలో ఉందా?

కేబుల్_కష్టాలు
అవును! అప్పుడు హాల్లో ఏసీ పాయింట్ పక్కన ఉండేది.

స్క్రూడ్రైవర్_శాస్త్రి
ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. క్యాబినెట్ మార్చినా ఇది పోదు. ఈలోగా ప్లగ్గు పీకకుండా లోపల చెయ్యి పెట్టకండి.

గాజువాక_గేమర్
మా ఇంట్లో నీళ్ళ మోటారుకీ ఇంతే. అమ్మ దానికి "పలకరింపు" అని పేరు పెట్టింది.

స్క్రూడ్రైవర్_శాస్త్రి
నవ్వొద్దు బాబూ. మోటారు దగ్గర తడి ఉంటుంది, అక్కడ జివ్వుమన్నది వేరే లీకేజీ కావచ్చు. ముందు అది చూపించు.

మధురవాడ_మినీ
పెద్ద డబ్బాల గురించే మాట్లాడుతున్నారు. చిన్నవాటిలో లోపలి డిజైన్ ఇంకా పెద్ద కథ. నాది మినీ ఐటీఎక్స్, బోర్డు 17 సెం.మీ. చదరం. గ్రాఫిక్స్ కార్డు బోర్డు వెనక నిలబడుతుంది, మధ్యలో రెంటినీ కలిపే రైజర్ తీగ. బిగించడానికి ఆదివారం పొద్దున్న మొదలుపెట్టి సోమవారం సెలవు పెట్టాను.

పాత_పెంటియం
చిన్న డబ్బా అంటే ఎన్‌జెడ్ఎక్స్‌టీ కంపెనీ హెచ్1 క్యాబినెట్ గుర్తు చేసుకోవాలి. రైజర్ కార్డుని ఒంటికి బిగించే స్క్రూ, ఆ కార్డు లోపలి 12 వోల్టుల కరెంటు గీతకి మరీ దగ్గరగా పోయేది. తగిలితే షార్ట్, కాలే ప్రమాదం. ముందు ప్లాస్టిక్ స్క్రూలు పంపారు, చాలలేదు, 2021 ఫిబ్రవరిలో అమెరికాలో మొత్తం సరుకు వెనక్కి పిలిపించారు. ఒక్క స్క్రూ కన్నం ఎక్కడ పెట్టాలన్న నిర్ణయం. లోపలి డిజైన్ అంటే తీగలు దాచుకునే సోకు అనుకునేవాళ్ళకి చెప్తున్నాను.

మధురవాడ_మినీ
థ్యాంక్స్ అండీ, ఈ రాత్రి నిద్ర పోయినట్టే.

పాత_పెంటియం
నీది ఆ మోడల్ కాదుగా. పడుకో.

లెక్కల_లచ్చిమి
కేబుల్ గారి కొలతలు ఎవరూ సరిచూడలేదు. 28 సెం.మీ. కార్డు అంటున్నారు. క్యాబినెట్ డబ్బా మీద రాసే, లోపల పట్టే కార్డు పొడవు ముందు ఫ్యాన్ లేకుండా రాస్తారు చాలామంది. ఫ్యాన్ మందం 25 మి.మీ., నీళ్ళ కూలర్ రేడియేటర్ పెడితే ఇంకో 27 పైన. అంటే 320 అని రాసి ఉంటే ముందు ఫ్యాన్ తర్వాత 295 మిగులుతుంది. మీకు చాలు, కానీ రేడియేటర్ కూడా పెడితే చాలదు.

కార్డు ఎన్ని స్లాట్ల మందమో చెప్పలేదు. స్లాటుకీ స్లాటుకీ 20.32 మి.మీ. దూరం. మూడు స్లాట్ల కార్డు అంటే 6 సెం.మీ. మైక్రో ఏటీఎక్స్ క్యాబినెట్‌లో నాలుగే స్లాట్లు ఉంటాయి, కార్డు ఫ్యాన్లు కింద ఎస్ఎంపీఎస్ మూత మీద ముక్కు ఆనించుకుని ఊపిరి పీల్చాలి. అందుకే బోర్డు చిన్నదైనా ఏడు స్లాట్ల పెద్ద క్యాబినెట్ తీసుకోమంటాను. టవర్ కూలర్ ఎత్తు 155 నుంచి 165 మి.మీ. మధ్య ఉంటుంది, మీది చూసుకోండి.

కార్డుకి కొత్త రకం 16 పిన్ ప్లగ్గు ఉంటే ఇంకోటి. ప్లగ్గు దగ్గరే తీగ వంచకూడదు, 35 మి.మీ. వరకూ నిటారుగా పోనివ్వాలంటారు. సన్నటి క్యాబినెట్‌లో గ్లాసు వచ్చి దాన్ని మడిచేస్తుంది.

కేబుల్_కష్టాలు
రెండున్నర స్లాట్లు, పాత రకం 8 పిన్ ప్లగ్గే. కూలర్ 158. మేడమ్, ఇంకో చిన్న సంగతి. నా బోర్డు కుడి అంచు గాల్లో వేలాడుతోంది, అక్కడ స్క్రూ కన్నాలే లేవు. 24 పిన్ నొక్కితే వంగుతోంది. బోర్డు తప్పా, క్యాబినెట్ తప్పా?

లెక్కల_లచ్చిమి
బోర్డు చవకది. మైక్రో ఏటీఎక్స్ పూర్తి కొలత 244 × 244. చవకవాటిలో వెడల్పు తగ్గించేస్తారు, మూడో వరుస స్క్రూలు ఎగిరిపోతాయి. ప్లగ్గు పెట్టేటప్పుడు బోర్డు కింద వేలు పెట్టి ఆనించండి.

స్క్రూడ్రైవర్_శాస్త్రి
ఆ మూడో వరుసలో ఇత్తడి స్టాండ్-ఆఫ్‌లు (బోర్డుని ఎత్తి పట్టే చిన్న కాళ్ళు) ఉంటే తీసేశారు కదా? ఒకసారి ఒక కుర్రాడు మిషన్ ఆన్ అవడం లేదని తెచ్చాడు. బోర్డు మార్చాడు, ర్యామ్ మార్చాడు. విప్పి చూస్తే బోర్డు వెనక కన్నం లేని చోట ఒక స్టాండ్-ఆఫ్ నిలబడి ఉంది, టంకం చుక్కలకి ఆనుకుని. తీసేస్తే లేచి కూర్చుంది. బోర్డు పోలేదు, వాడి అదృష్టం. మంచి క్యాబినెట్లలో ఏ కన్నం ఏ బోర్డుకో పక్కనే అక్షరం చెక్కి ఉంటుంది. అదీ చూడండి.

పునుగుల_బండి
నాకొక ప్రశ్న. వెనక స్లాట్ల మూతలు విరిచి తీసేసే రకం ఎందుకు పెడతారు? ఒకటి తప్పు స్లాటుది విరిచాను. ఆ కన్నంలోంచి బల్లి వచ్చి సంసారం పెట్టింది. ఫ్యాన్ ఆగిపోయిందని విప్పితే గుడ్లు.

బీచ్‌రోడ్డు_బాతు
ఫ్యాన్‌లో బల్లి ఉందా లేదా? అది చెప్పండి ముందు.

పునుగుల_బండి
తోక మాత్రమే. మిగతాది బతికి ఉంది, ఇప్పుడు ట్యూబ్‌లైటు వెనక ఉంటోంది.

స్క్రూడ్రైవర్_శాస్త్రి
విరిచే మూతలుంటే 7,000 బడ్జెట్‌లో ఆ క్యాబినెట్ ముట్టుకోకండి. స్క్రూతో వచ్చేవే కావాలి. ఐదు రూపాయల దగ్గర కక్కుర్తి పడినవాడు అంతటా పడతాడు.

గాజువాక_గేమర్
మోడల్ పేర్లు చెప్పండి ఎవరైనా. ఇంత చదివి ఏం కొనాలో తెలియకపోతే ఎలా?

సీతమ్మధార_ఎడిటర్
నాది లియాన్ లీ లాన్‌కూల్ 216. ముందు రెండు 160 మి.మీ. ఫ్యాన్లు దాంతోనే వస్తాయి. పెద్ద ఫ్యాన్ నెమ్మదిగా తిరిగినా గాలి వస్తుంది, చప్పుడు తక్కువ. లోపల చోటు ధారాళం. కానీ పెద్దది, బరువు, కేబుల్ గారి 7,000కి కొత్తది దొరుకుతుందని మాట ఇవ్వలేను. ఫ్రాక్టల్ నార్త్ ముందు చెక్క పట్టీలతో ముచ్చటగా ఉంటుంది, ధర ముచ్చటగా ఉండదు.

మధురవాడ_మినీ
కోర్సెయిర్ 4000డి ఎయిర్‌ఫ్లో. మా ఆఫీసులో ముగ్గురికి ఉంది. 2020లో వచ్చింది. 24 పిన్ తీగ కనబడకుండా పక్కన ఒక నిలువు పట్టీ ఉంటుంది, దాని వెనక తీగ దిగుతుంది, పట్టుకోవడానికి వెల్క్రో పట్టీలు ముందే ఉంటాయి. పాత స్టాకు తక్కువకి దొరకొచ్చు.

పాత_పెంటియం
పేర్లు ఏడాదికోసారి మారతాయి. ఏటీఎక్స్ అనే బోర్డు కొలత మాత్రం ఇంటెల్ 1995లో పెట్టిందే. గాలి కోసం లోపలి అమరిక మార్చేద్దామని బీటీఎక్స్ అని వాళ్ళే తెచ్చి, 2006లో వాళ్ళే చేతులెత్తేశారు. ముప్పై ఏళ్ళుగా అదే ఇల్లు, తలుపులు మాత్రం మారుస్తున్నారు.

కేబుల్_కష్టాలు
ఇవాళ వెళ్ళాను. టేపు, టార్చి, 8 పిన్ తీగ ముక్క, పది బిళ్ళ. ద్వారకానగర్‌లో మొదటి కొట్లో "డబ్బా తెరిస్తే తీసుకోవాల్సిందే" అన్నాడు. దండం పెట్టి వచ్చేశాను. రెండో కొట్లో డిస్‌ప్లేలో ఉన్నది విప్పనిచ్చాడు. నేను టేపు తీస్తే "చొక్కా కుట్టిస్తారా సార్ దానికి" అన్నాడు. బిళ్ళ నిలబెట్టేసరికి కొట్లో కుర్రాళ్ళు నలుగురూ చుట్టూ చేరారు.

మొదటిది దీపాల పందిరి. బిళ్ళ సగం బయటికి వచ్చింది. రెండోది బిళ్ళ లోపలే, కానీ లోపల బోడి రేకు, ఉద్యోగి గారి మాట గుర్తొచ్చి వదిలేశాను. మూడోది జాలీ ముందు, లోపలంతా నల్ల కోటింగ్, స్లాట్లు ఏడు, మూతలు స్క్రూతోనే, కింది ఫిల్టర్ ముందు నుంచే వస్తుంది, హార్డ్ డిస్కు గూడు జరపొచ్చు. బిళ్ళ అంచుకి సరిగ్గా సమానం. ఒక్క దీపం లేదు. 6,400. తెచ్చేశాను.

ఉక్కునగరం_ఉద్యోగి
మెలిపెట్టి చూశారా?

కేబుల్_కష్టాలు
చూశాను. కొట్టువాడి మొహం వంగింది గానీ క్యాబినెట్ వంగలేదు.

సీతమ్మధార_ఎడిటర్
గ్లాసు పలక తీశాక టైల్స్ మీద నిలబెట్టకండి. మూల తగిలితే చాలు, మొత్తం పంచదార అయిపోతుంది. మంచం మీద పడుకోబెట్టండి.

కేబుల్_కష్టాలు
మంచం మీదే ఉంది, దుప్పటి కూడా కప్పాను. బిగించడం గంటన్నరలో అయిపోయింది. 8 పిన్ కన్నంలోంచి ప్లగ్గు నీళ్ళలా జారింది. వెనక రేకు వేలితో నెడితే మూసుకుంది. మా తమ్ముడు మోకాలు పెట్టబోయి నిరాశ పడ్డాడు.

ఒక్క చిక్కు. వెనక సందు మళ్ళీ కొలుద్దామని బిళ్ళ పెట్టాను, అది జారి లోపలికి పోయింది. ఎక్కడుందో కనబడటం లేదు. ఆన్ చేయొచ్చా?

స్క్రూడ్రైవర్_శాస్త్రి
వద్దు!! ప్లగ్గు పీకండి.

లెక్కల_లచ్చిమి
వద్దు.

పాత_పెంటియం
లోహపు బిళ్ళ లోపల తిరుగుతుంటే ఆన్ చేస్తానంటాడేంటి ఈ అబ్బాయి. గ్రాఫిక్స్ కార్డు తీసి, డబ్బా మెల్లగా పక్కకి వంచి వినండి.

గాజువాక_గేమర్
నా నూడుల్స్ గిన్నెలో ఏదీ జారదు, చోటుంటేగా.

కేబుల్_కష్టాలు
దొరికింది. ఎస్ఎంపీఎస్ కింది ఫిల్టర్ మీద పడుకుని ఉంది. ముందు నుంచి సొరుగు లాగితే బిళ్ళతో సహా వచ్చింది. వన్‌టౌన్ గారికి నమస్కారం. ఆన్ చేశాను, నడుస్తోంది. ఎలక్ట్రీషియన్ శనివారం వస్తానన్నాడు.

మద్దిలపాలెం_మామ
ఆ పదితో ఒక టీ తాగి పడుకో నాయనా.

కేబుల్_కష్టాలు
వెళ్ళాను మామా. టీ కొట్టువాడు తీసుకోలేదు.